పద్నాలుగంగుళాలు

అనంతపురం గుత్తి రోడ్డులో
బాడీలు కట్టే షెడ్ల వరసలో
దస్తగిరి షెడ్డుకు బోర్డు లేదు,
వేలాడే తుప్పు సైలెన్సరే గుర్తు.
సెల్ఫు పట్టక
వ్యానును తోసుకుంటానే లోపలికి పెట్టినాం.

"ఏం గావల్ల?"
"గాలి."
"టైర్లకా, మనుషులకా?"

బోరుబండి ఎనకాల తిరిగే వ్యాను మాది.
ఆరు మందిమి పండుకునే రేకు పెట్టె.
పగలంతా చేలల్లో కాగి
రాత్రి పన్నెండైనా పెనం మాదిరి చల్లారదు.
పోయిన మేలో కణేకల్లు పక్కన
బిలాస్పూర్ పిల్లోడు సుక్రామ్‌కు ముక్కులో రక్తం కారింది.
దిండు మీది మరక జూసి
ఓనరు మనసు కరిగింది,
నాలుగు వేల మేరకు.
మిగిలిన పదహారు వందలు మావి.

దస్తగిరి ముందుగా చెప్పులిడిచి
నా పరుపు మీద పండుకున్నాడు.
తలుపు మూయమన్నాడు.
అయిదు నిమిషాలు మాట లేదు.
బయటికొచ్చి మొఖం తుడుచుకొని
"ఈడ" అని టాపెక్కినాడు.

రెండు పట్టీల నడుమ సుద్దముక్కతో చదరం.
పద్నాలుగు, పద్నాలుగు.
టేపు మళ్ళా పెట్టినాడు. మూడోసారీ పెట్టినాడు.
"గుడ్డయితే కుట్టుకోవచ్చు.
రేకు తప్పు కోస్తే బతికినన్నాళ్ళూ నెత్తిన కారతాది."

మేం ఇట్ల కొలిచినామా ఎప్పుడన్నా?
టెంకాయ నిలబడిన చోట,
యాపపుల్ల వంగిన చోట
బిట్టు దింపేదే.
ఆరున్నర అంగుళాల బొక్క,
లోతు రైతు అప్పంత.
ఈ జిల్లా నేలకు ఎన్ని పెట్టినానో
నాకే లెక్క లేదు.
పైకి పెట్టడం ఇదే మొదలు.

నాలుగు మూలలా డ్రిల్లు, తర్వాత జిగ్‌సా.
రేకు ఏమి అరుపు అరిచిందనుకున్నావ్!
రాయి అట్ల అరవదు,
గొణుగుతాది, పొడి కక్కుతాది.
ముక్క కింద పడకుండా
సుక్రామ్ లోపల రెండు చేతులూ ఎత్తి నిలబడినాడు.
చదరం ఊడొచ్చింది.
వాని మొఖం మీద అంతే కొలత ఎండ.

నల్ల జిగురు పట్టీ, ఫ్రేము, పదహారు రివెట్లు.
అంచుల చుట్టూ సీలెంటు
బిడ్డకు కాటుక పెట్టినట్ల వేలితో దిద్దినాడు.
వైరు బ్యాటరీకి తగిలిస్తే
ఫ్యాను ఎనక్కి తిరిగింది.
ఎవరినో తిట్టి, ఎర్రదీ నల్లదీ మార్చినాడు.

"ఇంక నీళ్ళు" అన్నాడు.
డ్రమ్ము అడుగున మిగిలిన సగం బిందె
టాపు మీద కుమ్మరించినాడు.
లోపల ఆరు మందిమి తలలెత్తి నిలబడినాం.
నీళ్ళు పడల్ల, పడల్ల అని
తొమ్మిదొందల అడుగుల కాడ దుమ్ము జూస్తా,
రైతు పక్క చూడలేక
గేజి పక్కకు మొఖం తిప్పుకున్నోళ్ళం,
ఒక్క చుక్క గూడా రాగూడదని
మొక్కుకున్నాం.

రాలేదు.
ఓబులేసు ఈలేసినాడు.
నేను ఇంకొంచేపు పైకే చూస్తా ఉంటి.

రెండో రాత్రి కంబదూరు పక్కన, తిప్పమ్మ చేన్లో.
ఎనిమిదొందల నలభై.
తెల్లటి పొడి ఆమె కొప్పు మీద,
మా అన్నం మీద, కొర్రచేను మీద.
మూడింటికి రాడ్లు పీకేసినాం.
చిన్న పిల్లోళ్ళు తిరిగే చోటని
బొక్క మీద ఏదన్నా మూయమంది.
సీటు కింద ఆ రేకు ముక్క ఉండె.
పెట్టి, పైన రాయి పెట్టినా.

చెయ్యి కడుక్కోను బాటిలిచ్చింది.
వ్యాను పక్క చూసి అడిగింది:
"ఆ పైన తిరిగేదేంది?"
"గాలికి, అక్కా."
"వస్తాందా?"

రాత్రి పొడుగూతా అదే మాట
అదే గొంతుతో నన్ను అడిగింటాది.
"వస్తాంది" అంటి,
చిన్నగా.